ఫోను జేబులో ఉండాలని కొన్న జీపీఎస్

జొన్నాడ దాటి రావులపాలెం వైపు గౌతమి వంతెన మీద వస్తున్నాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. మారేడుమిల్లి నుంచి తిరుగు ప్రయాణం. హ్యాండిల్‌కి బిగించిన ఫోను ముందు మసకబారింది, కాసేపటికి వేడెక్కిందని ఒక ముక్క చూపించి ఆరిపోయింది. అక్కడి నుంచి అమలాపురానికి దారి చెప్పడానికి నాకు ఫోనెందుకు, చిన్నప్పటి నుంచి తిరిగిన రోడ్డు. రావులపాలెం సెంటర్‌లో బండి ఆపి రెండు బొండాలు కొట్టించుకుని తాగాను. తాగేశాక జేబులో చెయ్యి పెడితే అప్పుడు వెలిగింది, నా డబ్బులన్నీ ఆ ఆరిపోయిన ఫోన్లోనే ఉన్నాయని.

"పర్లేదండి, అటూ ఇటూ తిరిగేవారే కదా, మళ్లీ వచ్చినప్పుడు ఇద్దురు గాని" అన్నాడు బొండాలాయన.

ఇల్లు దగ్గరే కాబట్టి నవ్వుకుంటూ వచ్చేశాను. అదే ఝాన్సీలోనో గ్వాలియర్‌లోనో అయితే? అప్పటికే లేహ్ వెళ్లాలని అనుకుంటున్నాను. ఇప్పుడు ఫోనంటే పర్సు, టికెట్టు, లాడ్జి గది, ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గించే మాట, అన్నీ అదే. దాన్ని ఎండలో, వానలో హ్యాండిల్ మీద ఊరేగించడం తెలివైన పని కాదని ఆ బొండాల కొట్టు దగ్గరే తేలిపోయింది. బండికి విడిగా జీపీఎస్ కొనాలన్న ఆలోచన పుట్టింది అక్కడే.

నాది అమలాపురంలో మోటార్ వైండింగ్ షాపు. సగం పని రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లది. నీళ్లు, ఉప్పుగాలి, అదురు, ఈ మూడూ కరెంటు వస్తువుని ఎలా చంపుతాయో పాతికేళ్లుగా విప్పి చూస్తున్నాను. కాబట్టి ఇందులో స్క్రీన్ అందం గురించి తక్కువ, రబ్బరు బీడింగు గురించి ఎక్కువ ఉంటుంది. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ఆదివారాలు దాని మీద, మిగతా రోజులు చిలుము పట్టిన కనెక్షన్ల మీద.

ముందు ఫోను సంగతి పూర్తి చేస్తాను, ఎందుకంటే ఇది చదివే పదిమందిలో తొమ్మిదిమందికి ఫోనే చాలు. మారేడుమిల్లి, లంబసింగి, అరకు తిరిగొచ్చేవాళ్లు ఇంట్లో మూలన పడున్న పాత ఫోనొకటి తీసి, అందులో ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఆస్మాండ్ గానీ ఒక మ్యాపు యాప్ వేసుకుని, వైఫై ఉన్నప్పుడే రాష్ట్రం మ్యాపు దించుకుంటే సరిపోతుంది. సిమ్ము అక్కర్లేదు. మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్‌లో సిగ్నల్ పోయినా బాణం గుర్తు కదులుతూనే ఉంటుంది. నేనూ రెండేళ్లు అలాగే నడిపించాను.

సిమ్ము లేకుండా దారెలా చెబుతుందండీ అని మా షాపుకొచ్చే ప్రతివాళ్లూ అడుగుతారు. రేడియో అనుకోండి అంటాను. వివిధభారతి వినడానికి మనం స్టేషనుకి ఫోన్ చెయ్యం కదా. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ టైము చెబుతుంటాయి. కనీసం నాలుగింటి మాట వినిపిస్తే మనం ఎక్కడున్నామో చేతిలో ఉన్న డబ్బా లెక్క కట్టుకుంటుంది. నెట్టు కావాల్సింది మ్యాపు దించుకోవడానికి, ట్రాఫిక్ తెలుసుకోవడానికి మాత్రమే.

పాత ఫోనుతో వచ్చే చిక్కులు ఎండ, వాన, అదురు. ఎండ సంగతి చెప్పాను. వానలో ఛార్జింగ్ రంధ్రంలోకి చుక్క నీరు పోతే తడి ఉందని చెప్పి ఛార్జింగే ఆపేస్తాయి చాలా ఫోన్లు. అది వాటి మంచికే. కానీ దారి మధ్యలో మనకి మంచిది కాదు. ఇక అదురు. పెద్ద ఇంజిన్ బైకుల అదురు వల్ల కెమెరాలోని, చెయ్యి వణికినా ఫొటో నిలకడగా వచ్చేలా చూసే భాగం పాడయ్యే ప్రమాదం ఉందని యాపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. మా అమ్మాయి ఫోను ఒక్క రోజు అడిగి తీసుకుని బిగించాను. ఆ తర్వాత దాంతో తీసిన ఫొటోల్లో మనుషులంతా జాతరలో పూనకం వచ్చినట్టున్నారు. తప్పు నాదే, మధ్యలో అదురు మింగే రబ్బరు డ్యాంపర్ లేని హోల్డర్ వాడాను. మా అమ్మాయి ఇప్పటికీ మర్చిపోలేదు.

రెండో ప్రయోగం ఇంకా ఘోరం. ఆన్‌లైన్‌లో ఒక చవక స్క్రీన్ కొన్నాను. పేరెందుకులెండి, ఒకే డబ్బాని పది పేర్లతో అమ్ముతున్నారు. అదే దారి చూపిస్తుందనుకున్నాను గానీ, అది ఫోను బొమ్మని ఇటు చూపించే అద్దం మాత్రమే. ఫోను జేబులో ఉన్నా పనంతా దాని మీదే, బ్యాటరీ ఖాళీ, జేబులో నిప్పుకణిక. కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లకి వచ్చే ట్రిప్పర్ తెర కూడా ఫోనుతో జత కలిస్తేనే పనిచేసే రకమే. 2020లో మీటియర్‌తో వచ్చినది బాణాలు మాత్రం చూపించేది. హిమాలయన్ 450 మీద ఉన్న గుండ్రటి 4 అంగుళాల తెర మీద మ్యాపంతా కనబడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, మలుపు చూసుకోవడానికి మెడ వంచక్కర్లేదు. కానీ నా గోల వేరు, ఫోను పని చెయ్యకుండా దారి తెలియాలి.

ఆ చవక స్క్రీన్ మొదటి వానకే పోయింది. బోడసకుర్రు వంతెన మీద జోరుగా పట్టుకుంది, పాశర్లపూడి చేరేసరికి తెర లోపల ఆవిరి. డబ్బా మీద ఐపీఎక్స్7 అని పెద్ద అక్షరాలు. షాపులో విప్పి చూశాను. చుట్టూ ఉండాల్సిన రబ్బరు బీడింగు ఒక మూల మడతపడి ఉంది, వైరు లోపలికి పోయే కన్నం దగ్గర సిలికాన్ అసలే లేదు. వందేళ్ల గ్యారంటీ ఇచ్చినా ఆ కన్నంలోంచి నీరు పోతుంది. మా ఏరియేటర్ల మోటార్లకి కూడా వైరు దూరే చోటే మొదటి శత్రువు.

ఈ ఐపీఎక్స్7 అనే మాట గురించి ఒక్క నిమిషం. చివరి 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చూశారని. మధ్యలో ఎక్స్ అంటే దుమ్ముకి ఆ లెక్క ఇవ్వలేదని. నిలవ నీళ్లలో ముంచడం వేరు, పైపుతో గట్టిగా కొట్టడం వేరు. వాటర్ సర్వీసింగ్‌కి బండి ఇచ్చేటప్పుడు ఎంత మంచి జీపీఎస్ అయినా ఊడదీసి జేబులో వేసుకోండి. ఆ కుర్రాడు ప్రెషర్ పంపు హ్యాండిల్ మీదే మొదలెడతాడు.

ఆఖరికి కొన్నది గార్మిన్ కంపెనీ బైకు జీపీఎస్, జూమో ఎక్స్‌టీ. 2020లో వచ్చిన మోడల్. 5.5 అంగుళాల తెర, నిలువుగానూ అడ్డంగానూ పెట్టుకోవచ్చు, గ్లౌజులతోనే నొక్కొచ్చు, ఐపీఎక్స్7. 2023లో దీని తర్వాతది ఎక్స్‌టీ2 వచ్చింది, 6 అంగుళాలు. పెద్దది కావాలని నాకు అనిపించలేదు. హ్యాండిల్ మీద అరటాకు పరిచినట్టు ఉండకూడదు.

ధర దగ్గర మా ఆవిడకి, నాకు వారం రోజులు మాటల్లేవు. విడుదలప్పుడు అమెరికాలో దాదాపు 500 డాలర్లు. మన డబ్బుల్లో అది ఓ మోస్తరు పాత స్కూటర్. మా బావమరిది మస్కట్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తూ తెచ్చాడు. తెచ్చిన రాత్రే ఆన్ చేస్తే ఎడారి కనిపించింది.

"బావా, ఇందులో సలాలా దాకా ఉంది గానీ అమలాపురం లేదు" అన్నాడు వాడు తల గోక్కుంటూ.

ఇది తెలియక డబ్బు పోసుకునేవాళ్లున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఈ పరికరాలు ఏ దేశంలో అమ్మితే ఆ ప్రాంతం మ్యాపుతో వస్తాయి. బయటి నుంచి తెప్పించుకుంటే ఇండియా మ్యాపు మనమే వేసుకోవాలి. కంపెనీ మ్యాపు విడిగా కొనుక్కోవచ్చు. నేను చేసింది వేరు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో మొదలైన ఉచిత ప్రపంచ పటం ఉంది. జనమే గీస్తారు, జనమే దిద్దుతారు. దాన్నుంచి గార్మిన్ చదవగలిగే ఫైలు తయారుచేసి ఉచితంగా పెట్టేవాళ్లున్నారు. ఆ ఫైలుని మెమరీ కార్డులోకి ఎక్కించి, కార్డు జీపీఎస్‌లో పెడితే ఇండియా మొత్తం వచ్చింది. మా అమ్మాయి గంటలో చేసిపెట్టింది. కెమెరా సంగతి ఆ గంటలో మూడుసార్లు గుర్తుచేసింది.

ఉచిత మ్యాపులో రోడ్లు బాగుంటాయి, కొట్లూ హోటళ్లూ పలచగా ఉంటాయి. పేరు టైపు చేసి వెతకడం ఫోనంత చురుకుగా ఉండదు. కాబట్టి నేను వెళ్లాల్సిన చోట్లన్నీ ముందురోజు రాత్రి కంప్యూటర్‌లో గుర్తులు పెట్టి, జీపీఎస్ చదవగలిగే జీపీఎక్స్ అనే రకం ఫైలుగా దింపుకుంటాను. ఆ ఓపిక లేనివాళ్లు ఈ యంత్రం జోలికి రావద్దు. ఇంత ఖర్చు పెట్టి, దారిలో ఆగి ఫోన్లోనే వెతుక్కునేవాళ్లని చూశాను.

బిగింపు నేనే చేసుకున్నాను. దీంతోపాటు బండికి బిగించే పీఠం వస్తుంది. బ్యాటరీ నుంచి వైరు ఆ పీఠానికే పోతుంది, జీపీఎస్ దాంట్లో టక్కున కూర్చుంటుంది, లోహపు పిన్నులు తగిలి ఛార్జింగ్ ఎక్కుతుంది. రంధ్రంలో దూర్చే వైరు అంటూ లేదు. నా లెక్కలో దీని అసలు గొప్ప ఇదే. వానలో ఛార్జింగ్ ఆగదు, అదురుకి రంధ్రం వదులవదు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా రిలే ఒకటి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఒకటి పెట్టాను. ఫ్యూజు జీపీఎస్ దగ్గర పెట్టేవాళ్లున్నారు. మధ్యలో వైరు హ్యాండిల్ తిరిగే చోట నలిగి బాడీకి తగిలితే, ఆ ఫ్యూజు చూస్తూ ఉంటుంది, వైరు కాలుతూ ఉంటుంది. పిన్నులకి నెలకోసారి డైఎలక్ట్రిక్ గ్రీజు చిటికెడు. మా ఓడలరేవు సముద్రపు గాలికి అది తప్పదు. అది లేని ఏరియేటర్ పెట్టె తెరిస్తే ఆకుపచ్చ చిలుము చేతికంటుకుంటుంది.

బండి ఆపితే లోపలి బ్యాటరీ తక్కువ వెలుతురుతో 6 గంటల దాకా అని కంపెనీ లెక్క, తెర వెలుగు పూర్తిగా పెడితే మూడున్నర గంటలు. బండి మీద ఉన్నంతసేపూ ఆ లెక్కతో పనే లేదు.

2023 జూన్‌లో లేహ్ వెళ్లొచ్చాను. పోనూ రానూ ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు. అందరూ అడిగేది, హిమాలయాల్లో బాగా పనికొచ్చిందా అని. నిజం చెప్పాలంటే మనాలి నుంచి లేహ్‌కి జీపీఎస్ అక్కర్లేదు. అందరూ పోయే రోడ్డు ఒకటే. అటల్ సొరంగంలో దూరి, 9 కిలోమీటర్లు పోయి బయటపడి, ముక్కుసూటిగా పోతే లేహ్. గాటా లూప్స్‌లో 21 మలుపులు తిరుగుతుంటే దీని తెర మీద దారి మా పెద్దమ్మ వేసిన మెలికల ముగ్గులా కనబడింది, అదొక సరదా. టాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని బోర్డు కనబడింది. 15 లీటర్ల ట్యాంకు, ఇంకా ఎంత దూరముందో తెర మీద అంకె, ఈ రెండూ చూసుకుంటూ యాక్సిలరేటర్ పట్టుకోవడం మాత్రం ధైర్యంగా ఉంది. మన ప్రీపెయిడ్ సిమ్ములు లడఖ్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అది బయల్దేరే ముందే చూసుకోండి.

జీపీఎస్ తన డబ్బులు తిరిగి ఇచ్చింది ఊళ్లలో. నాగ్‌పూర్ దాటేటప్పుడు, ఆగ్రాలో చీకటిపడ్డాక లాడ్జి వెతికేటప్పుడు, చండీగఢ్‌లో ఒకేలా ఉండే సెక్టార్ల మధ్య గుండ్రాలు తిరిగేటప్పుడు. వాన దంచుతుంటే ఫోను ప్లాస్టిక్ సంచిలో, సంచి లోపలి జేబులో. హెల్మెట్ చెవిలో "అర కిలోమీటరులో ఎడమకి" అని ఇంగ్లీషావిడ చెబుతూ ఉంటుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా తెర చదవగలిగాను. ఝాన్సీ ఎండలో నేను రెండుసార్లు చెట్టు కింద ఆగాను గానీ అది ఆగలేదు.

ఒక హెచ్చరిక. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదకి బైకుల్ని ఎక్కనివ్వరు. ఢిల్లీ-ముంబయి ఎక్స్‌ప్రెస్‌వే మీదకీ అంతే. అదే యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద టోల్ కడితే పోనిస్తారు. బైకు అని సెట్టింగు పెట్టినంతమాత్రాన ప్రతి మ్యాపుకీ ఇవన్నీ తెలుస్తాయని నమ్మకండి. నేను ఎల్‌బీనగర్, ఉప్పల్, మేడ్చల్ అని ముందే మధ్య గుర్తులు పెట్టుకుని ఊళ్లోంచే దాటాను.

ఇంకో హెచ్చరిక దీనికన్నా పెద్దది. సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరాలు బయటి దేశాల్లో కొండలెక్కేవాళ్లు చాలామంది దగ్గర ఉంటాయి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లని తెమ్మనకండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి దగ్గర ఉంచుకోవడం నేరం. అవి పట్టుకుని దిగిన విదేశీ యాత్రికులని విమానాశ్రయాల్లో ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. వినడమే తప్ప మాట్లాడని మామూలు జీపీఎస్‌కి ఆ గొడవ లేదు. మా బావమరిది రెండూ కలిపి తెస్తానన్నాడు. సమయానికి ఆపాను.

ఇక మన గోదావరి దగ్గరికి వస్తే ఎంత గొప్ప యంత్రమైనా చిన్నపిల్లాడే. హైదరాబాద్ నుంచి అంతర్వేది వచ్చిన మిత్రుడొకడు రాత్రి నరసాపురం పోదామని బయల్దేరి, ఫోను చెప్పిన దగ్గరి దారిన సఖినేటిపల్లి రేవుకి చేరాడు. అక్కణ్నుంచి నాకు ఫోను.

"బావా, రోడ్డు గోదాట్లోకి పోయిందేంటి?"

బళ్లనీ మనుషుల్నీ రేవు దాటించే పంటు ఆగిపోయిన వేళ అది. మ్యాపు దృష్టిలో పంటు కూడా రోడ్డే, టైములతో దానికి సంబంధం లేదు. వెనక్కి తిరిగి చించినాడ వంతెన మీదుగా చుట్టూ పోయాడు పాపం. జీపీఎస్‌లలో ఫెర్రీలు వద్దు అనే సెట్టింగు ఉంటుంది. కోనసీమలో రాత్రి తిరిగేవాళ్లు ముందు అది పెట్టుకోండి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య కూడా ఇదే కథ. వరద రోజుల్లో ఇంకా కష్టం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ తర్వాత కనకాయలంక కాజ్‌వే లాంటివి నీళ్ల కింద ఉంటాయి, మ్యాపులో మాత్రం నిక్షేపంగా పొడిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో లంకల వైపు పోయేవాళ్లు పొద్దున్నే టీకొట్టు దగ్గర నీటిమట్టం అడిగి కదలండి.

ఉచిత మ్యాపుతో ఒక సుఖం, తప్పు కనబడితే మనమే దిద్దొచ్చు. మా ఖాతాదారు చెరువుల మధ్య గట్టు ఒకటి అందులో బళ్లు పోయే రోడ్డుగా ఉండేది. ఓసారి దాన్ని నమ్మి వెళ్లి ఏరియేటర్ల వైర్ల మధ్య ఇరుక్కున్నాను. ఆ రాత్రే కూర్చుని, నడకదారి అని మార్చాను. తర్వాత దించుకున్న ఫైల్లో ఆ గట్టు సన్నని చుక్కల గీతగా వచ్చింది. మోటార్ రీవైండ్ చేసి తిరిగినప్పుడు కూడా అంత సంతోషం వెయ్యదు.

ఎవరు కొనాలంటే, ఏడాదికి ఒకసారైనా రెండు వేల కిలోమీటర్లు దాటి, వారాలపాటు బండి మీద ఉండేవాళ్లు. మిగతావాళ్లకి పాత ఫోను, డ్యాంపర్ ఉన్న హోల్డర్, ఎండకి చిన్న గొడుగులాంటి షేడ్ చాలు. కొన్నా, బండి ఆపిన ప్రతిసారీ ఊడదీసి జేబులో వేసుకోవాల్సిందే. టిఫిను తినేలోపు పోతుంది.

మొన్న ఆదివారం పగటిపూట నేనే సఖినేటిపల్లి నుంచి పంటెక్కాను. బండి స్టాండు వేసి, తాళం తియ్యకుండా వదిలేశాను. తెర మీద నీలం రంగు వశిష్ఠ గోదావరి, మధ్యలో మా బాణం మెల్లగా పాకుతోంది. టికెట్లు కొట్టే కుర్రాడు వచ్చి తొంగిచూశాడు.

"ఆయ్, అందులో మన పంటు కనబడతందాండి?"

వేలితో పెద్దది చేసి చూపించాను. కాసేపు దీక్షగా చూశాడు.

"మరి టికెట్టు రేటెయ్యలేదేటండి? జనం రోజూ బేరాలాడి చంపేత్తన్నారు."